మధ్య స్పీకర్ కథ: పటాన్‌చెరులో మా ఇంటికి హోమ్ థియేటర్ ఎలా వచ్చింది

ఈ మధ్య దోస్తులు, చుట్టాలు, మా గల్లీ పిల్లలు అందరూ నన్ను ఒకటే అడుగుతున్నారు: "అన్నా, ఇరవై వేలల్ల మంచి హోమ్ థియేటర్ ఏదన్న ఉంటే చెప్పు." ఇక్కడ మనం చెప్పుకునేది చరిత్ర కదా, స్పీకర్ల గోల ఎందుకు అనుకోకండి. పోయినేడు మా ఇంటికి ఒకటి కొన్నాను. కొనేలోపు మూడు నెలలు తప్పు మీద తప్పు చేశాను. ఆ తప్పులు ఎందుకు జరిగాయో తవ్వుకుంటూ పోతే 1931 దాకా వెళ్లాల్సి వచ్చింది. దారిలో మన పటాన్‌చెరు, సంగారెడ్డి, హైదరాబాద్ ఈసీఐఎల్, కోఠి గల్లీలు అన్నీ తగిలాయి. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు మా నాయిన సంగతి చెప్పాలి, ఎందుకంటే కొన్నది ఆయన కోసమే.

మా నాయినది జహీరాబాద్ దగ్గర ఒక ఊరు. 1984లో పటాన్‌చెరుకి పనికొచ్చాడు. అప్పటికి ఈ రోడ్డు మారిపోవడం మొదలై చాలా ఏళ్లయింది. 1960ల్లో చెకోస్లోవేకియా సాయంతో రామచంద్రాపురంలో భారీ కరెంటు యంత్రాల ఫ్యాక్టరీ వచ్చింది, అదే మనం బీహెచ్ఈఎల్ అంటాం. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. 1973లో ఏపీఐఐసీ పెట్టారు, తర్వాత పారిశ్రామికవాడలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీ అయ్యారు. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కూడా ఆ రోజుల్లో వచ్చిందే. (మన ఐఐటీ హైదరాబాద్ కూడా కందికి మారకముందు మొదలైంది ఆ ఎద్దుమైలారం క్యాంపస్‌లోనే, చాలామందికి తెలియదు.) నీళ్లు, గాలి పాడైన కథ సుప్రీంకోర్టు దాకా పోయింది, దాని గురించి వేరే ఎపిసోడ్ చేయాలి. ఈ రోజు మాట్లాడేది ఎవరూ లెక్కలోకి తీసుకోని ఇంకో కాలుష్యం గురించి. చప్పుడు.

మా నాయిన ప్రెస్ షాపులో పనిచేశాడు. రేకుల్ని డై మీద పెట్టి కొట్టే మెషిన్లు. కంపెనీ పేరు చెప్పను, అనవసరం. 31 ఏళ్లు. చెవులకి ఏం పెట్టుకునేవాళ్లు అని అడిగితే "మొదట్ల దూది పెట్టుకుంటుంటిమి, తర్వాత ప్లగ్గులిచ్చిన్రు, అవి పెట్టుకుంటే సూపర్‌వైజర్ పిలిస్తే వినపడకపాయె, తీసి జేబుల ఏస్కుందుము" అన్నాడు. రిటైరయ్యాక ఇంట్లో టీవీ వాల్యూమ్ 20 నుంచి 35కి, 35 నుంచి 60కి పోయింది. అయినా ఆయన ఫిర్యాదు ఒకటే: "గీ కొత్త సినిమాలల్ల మాటలు మింగుతున్నరు రా. పాటొస్తే చెవులు పగులుతయి, మాటొస్తే ఏం సమజ్ కాదు."

మెల్లగా టీవీ ముందు కూర్చోవడం మానేశాడు. రాత్రి అందరం సినిమా పెట్టుకుంటే ఆయన బయట అరుగు మీద కూర్చునేవాడు. అడిగితే "గాలికి కూసున్న" అనేవాడు. మా అమ్మ కనిపెట్టింది గానీ నేను కనిపెట్టలేదు.

నాకు అర్థమైంది ఏంటంటే, సౌండ్ సరిపోవట్లేదు, పెద్దది కొనాలి. ఇది నా మొదటి తప్పు.

పటాన్‌చెరులో 218 బస్సెక్కితే కోఠిలో దిగుతాం. కోఠిలో గుజరాతీ గల్లీ. స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఖాళీ డబ్బాలు, నాబులు, అన్నీ అక్కడ దొరుకుతాయి. మన జిల్లాల్లో సౌండు పిచ్చి ఉన్నవాళ్లు ఏదో ఒక రోజు ఆ గల్లీలోకి పోయే ఉంటారు. అప్పట్లో మా వీధిలో ఒకాయన రేడియోలు బాగుచేసేవాడు, ఆయన 4440 అనే ఐసీతో ఆంప్లిఫయర్లు కట్టిచ్చేవాడు. సాన్యో కంపెనీ కారు స్టీరియోల కోసం చేసిన ఐసీ అది. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద కూడా నడుస్తుంది కాబట్టి ఆటోల్లో, ట్రాక్టర్లలో, పల్లెల్లో కరెంటు పోయే ఇళ్లలో అది రాజ్యమేలింది. నిజంగా అదిచ్చే పవర్ ఎంతో తెలుసా? చానెల్‌కి 6 వాట్లు. రెండు చానెళ్లూ కలిపి ఒకే స్పీకర్‌కి కడితే 19. అంతే. అలాంటి ఐసీలే లోపల పెట్టుకుని, బయట డబ్బా మీద "2000 వాట్స్ పీఎంపీఓ" అని బంగారు రంగు స్టిక్కర్ వేసుకున్న సెట్లు మన ఇళ్లలో ఎన్నో ఉండేవి.

ఈ పీఎంపీఓ అనేది చరిత్రలో మంచి కామెడీ. ఆంప్లిఫయర్ ఒక్క క్షణంలో వెయ్యో వంతు సేపు, ఎంత వికారంగా మోగినా సరే, గరిష్ఠంగా ఎంత తోయగలదో ఊహించి, దాన్ని ఉన్న స్పీకర్లన్నిటితో గుణించి రాసే అంకె. ఎలా కొలవాలో ఒప్పుకున్న పద్ధతే లేదు, ఎవరిష్టం వాళ్లది. అమెరికాలో ఇలాంటి ఆటలు ముదిరితే 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నియమం పెట్టింది: పవర్ అని రాస్తే ఆపకుండా ఇవ్వగల పవరే రాయాలి, ఎన్ని ఓములకి, ఎంత డిస్టార్షన్‌తో అన్నది కూడా చెప్పాలి. మనకేమో ఆ స్టిక్కరే స్టేటస్ అయింది.

మీకు ఒక చిట్కా. ఏ షాపుకు పోయినా డబ్బా ముందు వైపు చూడకండి. తిప్పి వెనక చూడండి. "పవర్ కన్సంప్షన్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. గోడలోంచి 45 వాట్లు తీసుకునే డబ్బా 2000 వాట్ల పాట పాడలేదు. బావిలో లేనిది బకెట్లోకి రాదు.

ఇంకొకటి. వాట్లు రెండింతలు చేస్తే సౌండు రెండింతలు కాదు. 20 వాట్ల నుంచి 40కి పోతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి "కొంచెం పెరిగిందా?" అనిపిస్తుంది. నిజంగా రెండింతలు అనిపించాలంటే పదింతల పవర్ కావాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పెద్ద సబ్‌వూఫర్ ఉన్న 5.1 సెట్ ఒకటి ఆటోలో వేసుకుని తెచ్చా.

మొదటి రోజు అదిరిపోయింది. గ్లాసులు ఊగాయి. మా పిల్లలు డ్యాన్సు. మా నాయిన పది నిమిషాలు కూర్చుని లేచిపోయాడు. "డబడబ తప్ప ఏముంది రా ఇండ్ల" అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం పక్క పోర్షన్ తమ్ముడు తలుపు కొట్టాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అన్నా, నాది నైట్ షిఫ్ట్. గోడ మొత్తం అదురుతుంది" అన్నాడు. మన బెల్టులో ఇది ఎవరూ రివ్యూల్లో చెప్పరు. ఇక్కడ ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్. ఏ టైములో చూసినా ఏదో ఒక గదిలో ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. బేస్ అలలు చాలా పొడుగ్గా ఉంటాయి, 40 హెర్ట్జ్ చప్పుడైతే ఒక్కో అల దాదాపు 8.5 మీటర్లు. నాలుగున్నర అంగుళాల గోడ దానికి లెక్కే కాదు. మాటలు గోడ దగ్గర ఆగుతాయి, బేస్ ఆగదు. అంటే నా డబ్బులతో మా నాయినకి కావలసింది కాక, పక్కింటాయనకి అక్కర్లేనిది కొన్నానన్నమాట.

సబ్‌వూఫర్ ప్లగ్ పీకేశాను. మా అమ్మ అప్పుడంది, "సౌండు కాదు బిడ్డా, ముందుగాల మీ నాయినను చెవుల డాక్టర్ దగ్గరికి తోల్కపో." నేను చరిత్ర పుస్తకాలు చదివినోణ్ణి, మా అమ్మ ఏమీ చదవలేదు. సరైన మొదటి అడుగు ఆమెదే.

డాక్టర్ దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టి టెస్ట్ చేశారు, ఆడియోగ్రామ్ అంటారు. గ్రాఫ్ చూపించారు. కింది స్థాయి శబ్దాల దగ్గర గీత బాగానే ఉంది. 4000 హెర్ట్జ్ దగ్గరకి వచ్చేసరికి గీత గోతిలో పడినట్టు పడింది. మెషిన్ల చప్పుడుతో పాడైన చెవికి ఇదే గుర్తట. వయసుతో వచ్చే చెవుడు వేరు, అది పైస్థాయికి పోయేకొద్దీ జారుతూ పోతుంది. ఇది మాత్రం ఆ 4000 దగ్గర గుంట తవ్వుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మనం మాట్లాడేటప్పుడు అచ్చుల బలం ఎక్కువగా కింది స్థాయిల్లో ఉంటుంది. ఆ, ఓ, ఊ బాగా వినిపిస్తాయి. స, ష, చ, త, క లాంటి హల్లుల్లో ఉండే గాలి చప్పుడు, చిటుక్కుమనే చప్పుడు పైస్థాయిలో ఉంటాయి, స అయితే 4000 దాటి పోతుంది. మాటకి బలం అచ్చు ఇస్తుంది, అర్థం హల్లు ఇస్తుంది. చారు, కారు, తారు, పారు. మొదటి హల్లు వినపడకపోతే నాలుగూ ఒకటే. మా అమ్మ "చారు పొయ్యాల్నా" అంటే మా నాయిన "ఏ కారు?" అన్నప్పుడు మేం ఎన్నిసార్లు నవ్వామో లెక్కలేదు. ఆ గ్రాఫ్ చూశాక నవ్వు రాలేదు.

సినిమాలో మాట్లాడే మనిషి వెనక సంగీతం, వాన, గుర్రాలు, జనం. ఇవన్నీ కింది స్థాయిల్లో గట్టిగా ఉంటాయి. వాల్యూమ్ పెంచితే మాటా పెరుగుతుంది, రొదా పెరుగుతుంది. హల్లు ఆ రొద కిందే ఉండిపోతుంది. అందుకే "పాటొస్తే చెవులు పగులుతయి, మాట సమజ్ కాదు". ఆయన మొదటి రోజే రోగం కరెక్టుగా చెప్పాడు.

ఇది చట్టానికి తెలియని సంగతి కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి జబ్బుల జాబితా ఉండేది. సీసం విషం, సిలికోసిస్ లాంటివాటితో పాటు చప్పుడు వల్ల వచ్చే చెవుడు కూడా అందులో చేర్చారు. డాక్టర్ గుర్తిస్తే రాసి పంపాల్సి ఉండేది. ఫ్యాక్టరీల నియమాల్లో రోజుకి 8 గంటలకి 90 డెసిబెల్స్ అని హద్దు ఉండేది. కాగితం మీద అన్నీ ఉండేవి. మా నాయినతో పనిచేసిన ఆరుగురిని అడిగాను, తమ చెవి జబ్బుని అలా ఎవరన్నా రాసి పంపారని ఒక్కరూ చెప్పలేదు. ఆ ఆరుగురిలో నలుగురితో ఫోన్‌లో మాట్లాడటం కుదరలేదు, మనిషి ఎదురుగా పోయి మాట్లాడాల్సి వచ్చింది. ఎందుకో మీకే తెలుసు.

సరే, ఇప్పుడు స్పీకర్ల దగ్గరికి వద్దాం. రొదలోంచి మాటని విడదీసి, ఒకే చోట నుంచి, వినేవాడి ముఖానికి ఎదురుగా పంపడం ఎలా? ఈ ప్రశ్న నాది అనుకున్నా. కాదు, తొంభై ఏళ్లకు పైగా పాతది.

మాటల సినిమాలు వచ్చిన కొత్తలో థియేటర్‌లో శబ్దం అంతా ఒకే చోట నుంచి వచ్చేది. లండన్‌లో ఈఎంఐ ఇంజినీర్ అలన్ బ్లమ్‌లైన్ భార్యతో సినిమాకి పోయాడు. తెర మీద మనిషి ఒక పక్క ఉంటే గొంతు ఇంకో పక్క నుంచి వస్తోంది. గొంతు మనిషి వెంట నడిచేలా చేయడానికి నా దగ్గర దారి ఉంది అన్నాడట. 1931 డిసెంబర్‌లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. మనం ఈ రోజు స్టీరియో అనే దానికి మూలం అదే. ఆ ఒక్క పేటెంట్‌లోనే, గ్రామఫోన్ రికార్డు గాడికి ఉండే రెండు గోడల మీద రెండు చానెళ్లు చెక్కే ఉపాయం కూడా ఉంది. ఈ గాడి సంగతి గుర్తు పెట్టుకోండి, మన కథలో విలన్ అదే. బ్లమ్‌లైన్ 1942లో విమాన రాడార్‌ని పరీక్షిస్తుండగా ప్రమాదంలో చనిపోయాడు, 38 ఏళ్లకి.

అటు అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు 1933 ఏప్రిల్‌లో ఒక ప్రయోగం చేశారు. ఫిలడెల్ఫియాలో ఆర్కెస్ట్రా వాయిస్తుంటే, ఆ శబ్దాన్ని టెలిఫోన్ తీగల మీద వాషింగ్టన్‌కి పంపి హాలులో వినిపించారు. ఎన్ని స్పీకర్లతో? రెండు కాదు, మూడు. ఎడమ, మధ్య, కుడి. పెద్ద హాలులో రెండే పెడితే మధ్యలో గొయ్యి పడినట్టు ఉంటుందని వాళ్లకి తెలుసు. హాలీవుడ్ ఇదే దారిలో పోయింది. 1953లో 'ద రోబ్' సినిమాతో సినిమాస్కోప్ వచ్చినప్పుడు నాలుగు ట్రాకులు: ఎడమ, మధ్య, కుడి, నాలుగోది హాలు చుట్టూ. 1955లో వచ్చిన 70 ఎంఎం పద్ధతిలో ఆరు ట్రాకులు, అందులో ఐదు తెర వెనకే. మన తెలుగులో కృష్ణ గారు 1986లో 'సింహాసనం' 70 ఎంఎంలో, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో తీశారు. మా నాయిన ఆ సినిమా గురించి ఇప్పటికీ చెప్తాడు. సెట్టింగుల గురించి కాదు, "ప్రతి మాట గుండెల మీదికొచ్చింది" అని.

అంటే థియేటర్ మధ్య స్పీకర్‌ని ఎప్పుడూ వదల్లేదు. మరి మన ఇళ్లలో ఎందుకు లేకుండా పోయింది?

ఆ గాడి వల్ల. 1958లో స్టీరియో ఎల్పీ రికార్డులు మార్కెట్లోకి వచ్చాయి. గాడికి రెండే గోడలు, కాబట్టి రెండే చానెళ్లు, కాబట్టి ఇంట్లో రెండే స్పీకర్లు. మనిషి చెవికి రెండు చాలని సైన్సు తేల్చి కాదు, ముల్లుకి మూడో గోడ లేక. తర్వాత క్యాసెట్, సీడీ, వీసీడీ, మీ ఫోన్ బ్లూటూత్, అన్నీ ఆ రెండు చానెళ్ల దారిలోనే వచ్చాయి.

రెండు స్పీకర్లలోనూ గొంతు సమానంగా పెడితే మధ్యలోంచి వస్తున్నట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ ఆ మాయ సరిగ్గా మధ్యలో కూర్చున్నవాడికే. మా హాలు 10 అడుగులు, 12 అడుగులు. మధ్యలో పిల్లలు. మా నాయిన మంచం ఎడమ గోడకి. ఆయనకి ఎడమ స్పీకర్ ఒక్కటే దగ్గర, గొంతు, డప్పు, వాన అన్నీ ఆ ఒక్క డబ్బాలోంచి కలగాపులగంగా వస్తాయి.

ఇక్కడ మన దగ్గరి కథ ఒకటి చెప్పకపోతే మనసొప్పదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఇస్రో, నాసా కలిసి సైట్ అనే ప్రయోగం చేశాయి. ఏటీఎస్-6 ఉపగ్రహం నుంచి ఆరు రాష్ట్రాల్లో 2400 ఊళ్లకి నేరుగా టీవీ. కోళ్ల గూటికి వాడే జాలీ లాంటి దానితో చేసిన మూడు మీటర్ల గొడుగు యాంటెనా. ఆ టీవీ సెట్లు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. ఆ ఉపగ్రహం ఒక బొమ్మతో పాటు రెండు శబ్దాల దారులు పంపేది. వాటిని ఎడమ, కుడి అని ఖర్చు చేయలేదు. ఒకే బొమ్మకి ఒక దారిలో తెలుగు, ఇంకో దారిలో కన్నడ పంపారు. నాకు ఇది చాలా నచ్చుతుంది. రెండో చానెల్ చేతికొస్తే ప్రపంచం దాన్ని హంగుకి వాడింది, మనవాళ్లు మాట అర్థం కావడానికి వాడారు.

అలాగే మైక్‌సెట్. పెళ్లిళ్లకి, జాతరలకి చెట్టుకి కట్టే ఆ ఇనుప హారన్లు. వాటిల్లో బేస్ ఉండదు, మధ్య స్థాయి శబ్దాలే గట్టిగా వస్తాయి. సంగీతానికి అది లోపం. కానీ మాటకి అదే బలం, పొలంలో ఉన్నవాడికి కూడా ఊళ్లో చెప్పేది తెలుస్తుంది. మా నాయిన "మైక్‌సెట్ల మంచిగ వినపడుతుండె" అంటే పాతకాలం మోజు అనుకునేవాణ్ణి.

ఇంటికి మధ్య స్పీకర్ తిరిగి రావడానికి 1987 దాకా పట్టింది. 1982లో డాల్బీ ఇళ్ల కోసం సరౌండ్ అని తెచ్చింది కానీ అందులో మధ్య చానెల్ విడదీసేది లేదు. 1987లో ప్రో లాజిక్‌తో అది వచ్చింది. రెండు చానెళ్లలోనే మడిచి దాచిన శబ్దాన్ని విప్పి మధ్యకి, వెనక్కి పంచే పద్ధతి. 1990ల్లో థియేటర్లకి డిజిటల్ వచ్చింది, 1992లో డాల్బీ డిజిటల్, 1993లో 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్. ఆ దశాబ్దం చివర్లో డీవీడీ. డీవీడీలో ఆరు చానెళ్లు దేనికది విడిగా ఉంటాయి, 5.1 అంటే అదే. ఐదు స్పీకర్లు, పాయింట్ తర్వాత ఒకటి బేస్‌కి. ఇప్పుడు 5.1.2 అని చూస్తుంటారు, ఆ మూడో అంకె నెత్తి మీదివి.

మన దగ్గర జరిగింది వేరు. 2000ల్లో అందరూ 5.1 సెట్లు కొన్నారు, వాటిలో పెట్టింది మాత్రం వీసీడీలు. వీసీడీలో ఉన్నవి రెండే చానెళ్లు. మరి ఆరు స్పీకర్లూ ఎలా మోగాయి? లోపల 4558 అనే ఐసీతో చిన్న బోర్డు. అది ఎడమ, కుడి కలిపి మధ్యకి పంపుతుంది, ఎడమలోంచి కుడిని తీసేసి మిగిలింది వెనక్కి పంపుతుంది. ఈ తీసివేత ఉపాయం 1970 ప్రాంతంలో డేవిడ్ హాఫ్లర్ అనే అమెరికన్ పేరు మీద ప్రసిద్ధి. మీరు ఇది రోజూ విన్నారు, తెలియదంతే. ఇయర్‌ఫోన్ పిన్ను ఫోన్‌లో సగమే దూర్చినప్పుడు పాటలో గొంతు మాయమై మ్యూజిక్ మాత్రమే, అదీ బావిలోంచి వచ్చినట్టు వినపడుతుంది కదా? ఎర్త్ తెగిపోయి, ఎడమలోంచి కుడి తీసేసింది మిగులుతుంది. రెండింట్లో సమానంగా ఉన్న గొంతు కొట్టుకుపోతుంది. ఆ మిగిలిన నీడనే మనం సరౌండ్ అని వెనక స్పీకర్లలో విన్నాం. పాపం ఆ బోర్డు కట్టినవాళ్లని నేను తప్పు పట్టను, అంత తక్కువ డబ్బుకి అంతకంటే ఏం చేస్తారు. కానీ నేను ఆటోలో తెచ్చిన సెట్‌లో కూడా మధ్య స్పీకర్ అంటే అగ్గిపెట్టెకి అన్న లాంటిది. డబ్బులన్నీ సబ్‌వూఫర్‌కి, లైట్లకి పోయాయి.

ఇదంతా తెలిశాక మళ్లీ కోఠి పోయాను. ఈసారి తలకిందులుగా కొన్నాను. ముందు మధ్య స్పీకర్. చేతిలో మోయడానికి బరువుగా ఉండేది, మాట పక్క నుంచి విన్నా స్పష్టంగా ఉండేది. షాపులో పాట పెట్టనివ్వలేదు, వార్తలు పెట్టించాను. పక్కకి జరిగి, మా నాయిన మంచం ఉండే కోణంలో నిలబడి విన్నాను. షాపాయన నన్ను వింతగా చూశాడు. దానికి జోడుగా ఎడమ, కుడి. నడపడానికి పాత ఏవీ రిసీవర్ ఒకటి, సెకండ్ హ్యాండ్. మొత్తం 24 వేలు. సబ్‌వూఫర్ కొనలేదు. వెనకవి రెండు చిన్నవి పాత సెట్‌లోవే ఉన్నాయి.

టీవీ నుంచి రిసీవర్‌కి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ వైరు వేశాను. టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే చాలా టీవీలు రెండు చానెళ్లే పంపుతాయి, దాన్ని బిట్‌స్ట్రీమ్ లేదా పాస్ త్రూకి మార్చాలి. ఓటీటీలో భాష ఎంచుకునే చోట తెలుగు పక్కన 5.1 అని ఉందా చూడండి. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పంపితే ఎంత పెద్ద సెట్ అయినా వచ్చేవి రెండే. సౌండ్‌బార్ కొనేవాళ్లు 2.1 చూసి మోసపోకండి, అందులో మధ్యది లేదు, 3.1 అడగండి. మధ్య స్పీకర్ టీవీ కింద పెడితే దాని ముఖం చెవి వైపు ఎత్తండి, నేను కింద రెండు క్యారమ్ కాయిన్లు పెట్టాను. చివరగా రిసీవర్‌లో మధ్య చానెల్ ఒక్కటే 4 డెసిబెల్స్ పెంచి, నైట్ మోడ్ ఆన్ చేశాను. దాంతో పేలుళ్లు తగ్గి మాటలు పైకొస్తాయి.

ఆ రాత్రి ఏదో పాత సినిమా పెట్టాం. మా నాయిన అరుగు మీదే ఉన్నాడు. తలుపు తీసే ఉంది. పావుగంటకి లోపలికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఏమీ అనలేదు. ఒక హాస్యం సీన్ దగ్గర మా కంటే ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వాడు. ఇదివరకు మేం నవ్వితే, మమ్మల్ని చూసి నవ్వేవాడు. ఇప్పుడు టీవీ వైపే చూస్తున్నాడు. వాల్యూమ్ 60 నుంచి 32కి వచ్చింది.

స్పీకర్ చెవిని బాగుచేయదు, అది స్పష్టంగా చెప్తున్నా. డాక్టర్ చెవి మిషన్ రాశారు. "నాకేమన్న చెవుడా" అని నాలుగు నెలలు బీరువాలో పెట్టాడు. ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు పెట్టుకుంటున్నాడు, మిగతా టైములో చారు ఇంకా కారే.

ఇక మీరు. ఇది వింటున్నవాళ్లలో సగం మంది చెవిలో ఇయర్‌బడ్స్ పెట్టుకునే వింటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటకూడదు. 90 అయితే వారానికి 4 గంటలే. మా నాయినకి ప్రెస్ షాపు జీతమిచ్చింది, మీకు ఇయర్‌బడ్స్ ఈఎంఐ వేస్తున్నాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లిమిట్ ఉంటుంది, ఈ ఎపిసోడ్ అయ్యాక పెట్టుకోండి.

ఆ వెనక స్పీకర్లు రెండూ వారం రోజులు పనిచేశాయి. తర్వాత మా నాయిన "ఎనకాల ఎవరో గుసగుసలాడుతున్నట్టున్నది, తీసెయ్ రా" అన్నాడు. తీసేశాను. ఇప్పుడు మా ఇంట్లో ఎడమ, మధ్య, కుడి, మూడే మోగుతాయి, 1933లో వాషింగ్టన్‌లో మోగినన్ని. ఆ రెండూ సజ్జ మీద బియ్యం డబ్బా పక్కన ఉన్నాయి. పక్క పోర్షన్ తమ్ముడు అడిగాడు, నైట్ షిఫ్ట్ మారాక ఇస్తానన్నాను.